మొదటి ఫ్యాక్టరీ వీడియో: మధ్యస్థాయి నగరంలో ఇద్దరి యూనిట్‌పై ఒక కేస్ స్టడీ

మధ్యస్థాయి నగరంలో వీడియో ప్రొడక్షన్ మొదలుపెట్టేవాళ్లు మొట్టమొదట అడిగేది ఏ కెమెరా కొనాలని. అక్కడ నిలదొక్కుకుంటారా లేదా అన్నది తేలేది మాత్రం ఇంకోచోట. డబ్బిచ్చి వీడియో తీయించుకునే సంస్థలు అలాంటి ఊళ్లో తక్కువ. ఆ సంస్థల యజమానులకూ మేనేజర్లకూ ఒకరితో ఒకరికి పరిచయం ఉంటుంది. ఒకచోట పని చెడితే నాలుగుచోట్ల తెలుస్తుంది, కుదిరినా అంతే. కాబట్టి మొదటి పని చేసేటప్పుడే రెండో పని దృష్టిలో ఉండాలి. ఈ కేస్ స్టడీ అంతా ఆ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ఇది ఏదో ఒక్క సంస్థలో జరిగిన పని వివరం కాదు. చిన్న ఫ్యాక్టరీలకు వీడియోలు తీసేటప్పుడు మళ్లీ మళ్లీ ఎదురయ్యే సంగతులన్నిటినీ ఒకే పనిగా కూర్చి చూపిస్తున్నాం. క్లయింట్ యంత్రాల విడిభాగాలు తయారుచేసే ఫ్యాక్టరీ. మూడు నిమిషాల పరిచయ వీడియో కావాలంటారు. నెల రోజుల్లో ఒక ఎగ్జిబిషన్ ఉంది, అప్పటికి సిద్ధం కావాలి. పనిచేసేది ఇద్దరు. ఒకరిది కెమెరా, ఎడిటింగ్. రెండోవారిది సౌండ్, లైట్లు, కాగితాల పని.

మొదటి మీటింగ్, కొటేషన్

మొదటి మీటింగ్‌కు వెళ్లేది పాత పనుల షోరీల్ చూపించి మెప్పించడానికని చాలామంది అనుకుంటారు. షోరీల్ రెండు నిమిషాల్లో అయిపోతుంది. మిగతా గంటా అడగడానికే వాడాలి. ఈ వీడియో ఎవరు చూస్తారు? ఎక్కడ చూస్తారు? అక్కడ సౌండ్ వినిపిస్తుందా? చూశాక వాళ్లు ఏం చేయాలి? ఫైనల్‌కు ఓకే చెప్పే మనిషి ఎవరు?

ఈ కేస్‌లో మూడో ప్రశ్న పని రూపాన్నే మార్చేస్తుంది. ఎగ్జిబిషన్ హాల్ రణగొణగా ఉంటుంది, స్టాల్‌లోని టీవీ మాట ఎవరికీ వినపడదు. యజమాని ఇంటర్వ్యూ మీద నడిచే వీడియో వెబ్‌సైట్‌లో బాగుంటుంది కానీ స్టాల్‌లో పెదాలు కదిలే మూగబొమ్మే. అంటే రెండు వెర్షన్లు కావాలి. ఒకటి మాటలతో మూడు నిమిషాలది. రెండోది మాటల్లేకుండా, తెర మీద పెద్ద అక్షరాలతో, ఆగకుండా తిరిగే 60 సెకన్ల లూప్. ఈ సంగతి ఎడిటింగ్ అయ్యాక బయటపడితే రెండు రోజుల పని ఉచితంగా చేయాల్సి వస్తుంది. మొదటి రోజే అడిగితే అది కొటేషన్‌లో ఒక లైన్ అవుతుంది.

కొటేషన్ దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. క్లయింట్‌కు కనిపించేది ఒక రోజు షూటింగ్, కాబట్టి ఒక రోజు డబ్బే అడగాలేమో అనిపిస్తుంది. అసలు లెక్క ఇలా ఉంటుంది: మీటింగ్‌కు అర రోజు, రెక్కీకి (షూటింగ్ జరిగే చోటును ముందే వెళ్లి చూసి రావడానికి) అర రోజు, షాట్ లిస్టూ ప్రశ్నలూ సామాను సిద్ధం చేసుకోవడానికి అర రోజు, షూటింగ్ ఒక రోజు, ఫుటేజ్ ఎక్కించి ఏరడానికి అర రోజు, ఎడిటింగ్ రెండున్నర రోజులు, సౌండూ కలర్ కలిపి ఒక రోజు, కరెక్షన్లు ఒక రోజు, డెలివరీకీ ఫైళ్లు భద్రపరచడానికీ అర రోజు. మొత్తం ఎనిమిది రోజులు. షూటింగ్ నాడు రెండో మనిషిని కలిపితే తొమ్మిది.

రోజుకు ఎంత తీసుకోవాలన్నదానికి పక్కవాళ్ల రేటు కన్నా సొంత లెక్కే నమ్మకం. ఏడాదిలో వారాంతాలు 104 రోజులు తీసేయండి. సెలవులకూ జబ్బులకూ ఇంకో 25 రోజులు తీస్తే సుమారు 235 మిగులుతాయి. అందులో సగం పనులు వెతకడానికీ, మీటింగులకూ, బాకీల కోసం తిరగడానికీ పోతుందనుకుంటే డబ్బు తెచ్చేవి 110 నుంచి 120 రోజులు. ఇంటి ఖర్చు, వృత్తి ఖర్చు, పన్ను, సామాను మళ్లీ కొనడానికి పక్కన పెట్టాల్సినది, ఇవన్నీ కూడి 110తో భాగించాలి. 300తో భాగించినవాళ్లు మొదటి ఏడాది తీరిక లేకుండా పనిచేసి కూడా కెమెరా పాడైనప్పుడు అప్పు చేస్తారు. కెమెరా బాడీకి మూడు నాలుగేళ్ల ఆయుష్షు వేసుకుంటే చాలు. మంచి ట్రైపాడ్, లెన్సులు అంతకు రెండింతలు ఎక్కువే వస్తాయి.

ఒప్పందం ఒక పేజీ దాటనక్కర్లేదు. నిడివి, వెర్షన్లు ఎన్ని, షూటింగ్ ఎన్ని రోజులు, కరెక్షన్లు రెండు విడతలు, ఓకే చెప్పే ఒక్కరి పేరు, సగం అడ్వాన్స్, మిగతా సగం ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు, రా ఫుటేజ్ (ఎడిట్ చేయని అసలు ఫైళ్లు) ఎవరిది, ఎన్ని నెలలు దాచి ఉంచుతారు: ఇవి రాయాలి. ఏది కరెక్షన్, ఏది కొత్త పని అన్నది కూడా రాయండి. ఉన్న షాట్లను మార్చడం, కత్తిరించడం, అక్షరాలు దిద్దడం కరెక్షన్. కొత్తగా షూట్ చేయడం, ఒప్పుకున్న స్క్రిప్టును మార్చడం కొత్త పని. ఈ రెండు వాక్యాలు లేని ఒప్పందంలో కరెక్షన్లకు అంతుండదు. ఫీడ్‌బ్యాక్ ఆలస్యమైన ప్రతి రోజుకూ డెలివరీ ఒక రోజు వెనక్కి జరుగుతుందని కూడా చేర్చాలి.

రెక్కీ

షూటింగ్ ఏ సమయానికి మొదలవుతుందో రెక్కీకి కూడా అదే సమయానికి వెళ్లాలి. ఎండ ఏ కిటికీలోంచి ఎప్పుడు పడుతుందో, కంప్రెసర్ ఎన్ని నిమిషాలకోసారి మోగుతుందో అప్పుడే తెలుస్తుంది. ఫోన్‌తో ప్రతిచోటా పది సెకన్లు తీసుకుంటే చాలు, అదే షాట్ లిస్టుకు ఆధారం.

ఫ్యాక్టరీలో ముందు చూడాల్సింది లైట్లు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో మామూలు లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, 60 హెర్ట్జ్ దగ్గర 120 సార్లు. కంటికి కనపడదు కానీ కెమెరాకు పడుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర షటర్ (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడనిచ్చే సమయం, సెకన్లలో) 1/50 లేదా 1/100 ఉండాలి, 60 దగ్గర 1/60 లేదా 1/120. ఈ లెక్కకు కుదరని వేగం పెడితే తెర మీద అడ్డచారలు పాకుతాయి. స్లో మోషన్‌లోనే చిక్కంతా. సెకనుకు 120 ఫ్రేములు తీయాలంటే షటర్ 1/120 కన్నా నెమ్మదిగా ఉండటానికి వీల్లేదు, కాబట్టి 50 హెర్ట్జ్ లైట్ల కింద చారలు తప్పవు. 50 ఫ్రేముల దగ్గర 1/100 పెడితే సమస్య లేదు, సగం వేగంతో వేసుకోవచ్చు. యంత్రాల డిస్‌ప్లే ప్యానెళ్లూ, డిమ్మర్ ఉన్న ఎల్‌ఈడీలూ మాత్రం ఈ లెక్కకు లొంగవు, వాటి వేగం వేరు. షటర్‌ను సన్నటి మెట్లలో మార్చే వీలు కెమెరాలో ఉంటే ప్యానెల్ చూస్తూ చార ఆగేదాకా తిప్పాలి. లేకపోతే ఆ ప్యానెల్ ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకోవాలి.

తిరిగే భాగాల దగ్గర ఇంకొకటి గమనించండి. నిమిషానికి 1500 చుట్లు తిరిగే స్పిండిల్ అంటే సెకనుకు 25 చుట్లు. 25 ఫ్రేముల వీడియోలో షటర్ వేగం పెంచి తీస్తే ప్రతి ఫ్రేమ్‌లోనూ అది ఒకేచోట దొరుకుతుంది, తిరుగుతున్న యంత్రం ఆగిపోయినట్టు కనిపిస్తుంది. 1/50 దగ్గర చలనపు మసక సహజంగా వస్తుంది, యంత్రం నడుస్తున్నట్టే ఉంటుంది.

తర్వాత చూడాల్సింది ఇంటర్వ్యూ గది. యజమాని తన ఆఫీసులో, బల్ల వెనక కూర్చుని మాట్లాడాలనుకుంటారు. ఆ గదికి సాధారణంగా గాజు గోడ, నున్నటి టైల్స్, నెత్తిమీద ఏసీ ఉంటాయి. గదిలో చప్పట్లు కొట్టి వినండి. చివర టంగుమని మోగితే అక్కడ మాట శుభ్రంగా రాదు. అట్టపెట్టెలు పేర్చిన స్టోర్ రూమ్ చూడటానికి అంత బాగుండకపోయినా సౌండ్‌కు చాలా మేలు. వెనక రెండున్నర మూడు మీటర్ల ఖాళీ ఉంటే ఆ పెట్టెలే మసకలో అందమైన నేపథ్యం అవుతాయి.

సామాను

కొనడానికి డబ్బు తక్కువ ఉన్నప్పుడు మా వరుస ఇది: ముందు సౌండ్, తర్వాత ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాను కుదుపు లేకుండా తిప్పే పైభాగం) ఉన్న ట్రైపాడ్, తర్వాత ఒక మంచి లైట్, ఆ తర్వాత లెన్స్, చివర కెమెరా. ఈ వరుస చాలామందికి తలకిందులుగా కనిపిస్తుంది. కానీ ఐదేళ్ల నాటి కెమెరాతో తీసిన బొమ్మను క్లయింట్ ఎవరూ తిప్పి పంపరు. మాట సరిగా వినపడని వీడియో మాత్రం మొదటి చూపులోనే తిరిగొస్తుంది.

ఈ పనికి కావాల్సినవి: 4కే తీసే కెమెరా రెండు (ఒకటి సొంతం, ఒకటి అద్దెకు), 24–70 ఎంఎం జూమ్ లెన్స్, 85 ఎంఎం ప్రైమ్ (జూమ్ లేని) లెన్స్, ట్రైపాడ్‌లు రెండు, కాలర్ మైకులు రెండు, షాట్‌గన్ మైక్ (ఎదుటి దిక్కు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైక్) ఒకటి, విడిగా రికార్డర్, సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె, గరిష్ఠం 100) 95 దాటిన ఎల్‌ఈడీ లైట్ ఒకటి, దానికి సాఫ్ట్‌బాక్స్, తెల్ల థర్మోకోల్ షీటు, మందపాటి దుప్పట్లు నాలుగు, 128 జీబీ కార్డులు నాలుగు, ఎన్‌డీ ఫిల్టర్లు (లెన్స్‌లోకి వెళ్లే వెలుతురు తగ్గించేవి). చిన్న ఊళ్లో అద్దె షాపులు ఒకటో రెండో ఉంటాయి, సర్వీస్ సెంటర్ పక్క నగరంలో ఉంటుంది. అందుకే చవకైనవన్నీ రెండేసి పెట్టుకోండి: కేబుళ్లు, కార్డ్ రీడర్, ఛార్జర్, ట్రైపాడ్ ప్లేట్. పని ఆగేది ఎప్పుడూ ఈ చిన్న వస్తువుల దగ్గరే.

ఎన్‌డీ ఎంత కావాలో అంచనా కట్టడం తేలిక. నిండు ఎండలో ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) 100, షటర్ 1/50 దగ్గర ఎక్స్‌పోజర్ సుమారు ఎఫ్/22కి వస్తుంది (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్/4లో తీయాలంటే ఐదు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది) తగ్గించాలి, అంటే ఎన్‌డీ32. లాగ్ ప్రొఫైల్ (రంగులు తర్వాత దిద్దుకునేలా చప్పగా రికార్డు చేసే పద్ధతి) బేస్ ఐఎస్‌ఓ 800 అయితే మరో మూడు స్టాపులు, ఎన్‌డీ256. లాగ్ గురించి ఒక మాట: కెమెరా 8 బిట్ (రంగుల మెట్లు తక్కువ) మాత్రమే రికార్డు చేస్తే లాగ్ జోలికి పోవద్దు. గోడల మీద, ఆకాశంలో మెట్లు మెట్లుగా రంగు విరుగుతుంది. మామూలు ప్రొఫైల్‌లో వైట్ బ్యాలెన్స్ సరిగా పెట్టుకుని తీస్తే అంతకన్నా బాగుంటుంది.

షూటింగ్ రోజు

ఎనిమిది గంటల్లో సెటప్‌కు గంటన్నర, ఇంటర్వ్యూలకు రెండు గంటలు, భోజనానికి గంట పోతే మిగిలేవి మూడున్నర గంటలు. ఎనిమిది దశల తయారీని చూపించాలంటే ఒక్కో దశకు పాతిక నిమిషాలు. ఆ పాతిక నిమిషాల్లోనే సామాను జరపడం కూడా ఉంది. అందుకే ప్రతి దశకూ ఒకే వరుస పాటించాలి: చేతుల క్లోజప్, ముఖం క్లోజప్, చేయీ ముఖమూ కలిసిన వైడ్, భుజం మీదుగా ఒకటి, ఎవరూ ఊహించని కోణం ఒకటి. ఒక్కో షాట్ కనీసం పది సెకన్లు కదలకుండా పట్టాలి. ఎనిమిది దశలకు నలభై షాట్లు వస్తాయి. బిల్డింగ్, గేటు, నాణ్యత పరీక్షలు, ప్యాకింగ్, మనుషుల ముఖాలు కలిపి ఎనభై దాకా చేరతాయి. మూడు నిమిషాల్లో షాట్ సగటున నాలుగు సెకన్లు ఉంటే కావాల్సింది 45. లూప్ వెర్షన్‌కూ నిలువు వీడియోలకూ మిగతావి పనికొస్తాయి.

ఏసీ గదిలో ఉన్న కెమెరాను వేడి షెడ్డులోకి తేగానే లెన్స్ మీద తేమ పడుతుంది. తుడిస్తే పోదు, మళ్లీ పడుతుంది. బ్యాగులోనే ఉంచి ఇరవై ముప్పై నిమిషాలు షెడ్డు వేడికి అలవాటు కానివ్వాలి. యంత్రాల దగ్గర కూలెంట్ తుంపరలు లెన్స్ మీద పడతాయి కాబట్టి ముందు ఒక క్లియర్ ఫిల్టర్ బిగించండి. మెడలో వేలాడే కెమెరా పట్టీ, ఐడీ కార్డు, వదులు చొక్కా చేతులతో తిరిగే యంత్రం దగ్గరికి వెళ్లకూడదు. ఫోర్క్‌లిఫ్ట్ దారిలో ట్రైపాడ్ పెట్టకూడదు. ఈ రెండూ ప్రాణాలకు సంబంధించినవి.

ఇక ఫ్యాక్టరీ పనుల్లో కొత్తవాళ్లకు ఎవరూ చెప్పని విషయం. అందంగా వచ్చిన షాట్లు ఎడిటింగ్ అయ్యాక ఎందుకు పోతాయంటే, అందులో పనివాడికి కళ్లద్దాలు లేవు. గ్లవ్స్ లేవు. లేదా గ్లవ్స్ ఉండకూడని యంత్రం దగ్గర గ్లవ్స్ ఉన్నాయి: తిరిగే భాగానికి గ్లవ్ చిక్కితే చెయ్యి లోపలికి లాగేస్తుంది. యంత్రం గార్డు తెరిచి ఉంది. నేల మీద నూనె ఉంది. వెనక అత్యవసర ద్వారానికి పెట్టెలు అడ్డం పెట్టారు. కొనుగోలుకు వచ్చే పెద్ద కంపెనీల మనుషులు ఈ వీడియోను తనిఖీ కళ్లతోనే చూస్తారు. వాళ్లకు సినిమాటోగ్రఫీ కన్నా ముందు ఇవే కనిపిస్తాయి. సేఫ్టీ బాధ్యత చూసే మనిషి షూటింగ్ అంతా కెమెరా పక్కన, మానిటర్ ముందు ఉండాలని ఒప్పందంలోనే రాయించుకోవడం మేలు. ఒక్కో సెటప్‌కు ఆయన సరే అన్నాకే రికార్డు బటన్ నొక్కాలి.

ఇలాంటిదే మరొకటి. బల్ల మీద ఉన్న విడిభాగం ఈ ఫ్యాక్టరీది కాకపోవచ్చు. ఎవరో కస్టమర్ డిజైన్ ఇచ్చి చేయిస్తున్నది కావచ్చు. దాని మీద ఆ కంపెనీ గుర్తు, కంప్యూటర్ తెర మీద ఆ డ్రాయింగ్ ఉంటాయి. వాళ్లతో గోప్యత ఒప్పందం ఉంటే ఆ షాట్ బయటపెట్టడం క్లయింట్‌కు వ్యాపార నష్టం. ఏ భాగాలు చూపించవచ్చో ముందురోజే జాబితా తీసుకోండి, మిగతావాటి మీద గుడ్డ కప్పించండి. షూటింగ్ నాడు తెరల మీద నమూనా డ్రాయింగ్ తెరిపించండి. ఎడిటింగ్‌లో బ్లర్ చేయొచ్చుగా అనుకుంటే కదిలే షాట్‌లో ఒక్కో దానికి గంట పడుతుంది, పైగా ఏదో దాస్తున్నట్టు కనిపిస్తుంది.

సౌండ్

యంత్రాలు నడిచే షెడ్డులో చప్పుడు 85 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండటం మామూలే. మనిషి మాట మీటరు దూరంలో సుమారు 60. మామూలు మైకుతో ఈ తేడాను దాటడం కష్టం, సాఫ్ట్‌వేర్‌తో గట్టిగా శుభ్రం చేస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుండవచ్చు. అందుకే షెడ్డులో మనుషుల చేత మాట్లాడించకూడదు. అక్కడ తీసుకోవాల్సింది యంత్రాల సహజ శబ్దం మాత్రమే: ప్రతి యంత్రానికీ నిమిషం చొప్పున, మైక్ దగ్గరగా పెట్టి. ఎడిటింగ్‌లో ఆ శబ్దాలే షాట్లకు ప్రాణం పోస్తాయి.

ఇంటర్వ్యూకు కాలర్ మైకును గడ్డం కింద జానెడు దూరంలో, చొక్కాకు రాసుకోకుండా బిగించాలి. వైరును లోపల ఒక చిన్న లూపు వేసి టేపు పెడితే లాగినప్పుడు చప్పుడు రాదు. షాట్‌గన్ మైకును ఫ్రేమ్‌కు కాస్త పైన, నోటికి అర మీటరు దూరంలో స్టాండు మీద పెట్టండి. రెండూ వేర్వేరు ట్రాక్‌లలో రికార్డు కావాలి. ఒకదాని బ్యాటరీ అయిపోయినా, వైర్‌లెస్‌కు ఆటంకం వచ్చినా రెండోది ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ మైకులు వైఫై రూటర్లు ఎక్కువున్నచోట తడబడతాయి, రిసీవర్‌కూ ట్రాన్స్‌మిటర్‌కూ మధ్య మనిషి శరీరం అడ్డొచ్చినా తెగుతాయి. లెవెల్ గరిష్ఠాలు −12 డీబీ దగ్గర ఆడాలి, −6 దాటకూడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. హెడ్‌ఫోన్ రెండో మనిషి చెవుల మీదే ఉండాలి. మీటరు కదులుతోందంటే మాట వస్తోందని అర్థం కాదు, చొక్కా రాపిడి కూడా మీటరును కదిలిస్తుంది.

ఏసీ, ఫ్రిజ్ ఆపేయండి. ఫ్రిజ్ స్విచ్ పక్కనే మీ బండి తాళం పెట్టండి, వెళ్లేటప్పుడు తిరిగి వేయడం మరిచిపోరు. ఫ్రేమ్‌కు బయట రెండువైపులా దుప్పట్లు వేలాడదీస్తే గది మోత బాగా తగ్గుతుంది. ఇంటర్వ్యూ అయ్యాక అందరూ కదలకుండా 40 సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి. మాటలు కోసి అతికేటప్పుడు సందుల్లో ఇది పరచకపోతే ప్రతి కోతా చెవికి తెలుస్తుంది.

మాట్లాడించడం గురించి కూడా చెప్పాలి. ముందే రాసుకుని కంఠస్థం చేసినవాళ్లు కెమెరా ముందు మూడో వాక్యంలో ఆగిపోతారు. ప్రశ్నల అంశాలు ముందురోజు పంపండి, ప్రశ్నలు పంపకండి. మీ ప్రశ్న వీడియోలో వినపడదు కాబట్టి జవాబు పూర్తి వాక్యంగా మొదలుపెట్టమని చెప్పండి. ‘ఎప్పుడు మొదలుపెట్టారు’ అంటే ‘పదేళ్ల కింద’ అని ఊరుకుంటే అది కోయడానికి పనికిరాదు. ‘ఈ యూనిట్‌ను పదేళ్ల కింద మొదలుపెట్టాం’ అంటే పనికొస్తుంది. మంచి మాట దాదాపు ఎప్పుడూ ఆఖరున, ‘ఇంకేమైనా చెప్పాలనుందా’ అన్నప్పుడు వస్తుంది. కెమెరా అప్పటిదాకా ఆపకండి.

డేటా

100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు) రికార్డు చేస్తే నిమిషానికి 750 ఎంబీ, గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు కలిపి మూడు గంటలు తిరిగితే 135 జీబీ. ఆ రాత్రికే రెండు వేర్వేరు డ్రైవులకు కాపీ కావాలి, మూడోది మరో ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. చెక్‌సమ్ (కాపీ అసలు ఫైలుతో పూర్తిగా సరిపోయిందా అని తేల్చే లెక్క) చూసే కాపీ సాఫ్ట్‌వేర్ వాడండి. సైజు సరిపోయినంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు. మూడు కాపీలూ తెరిచి చూశాకే కార్డు ఫార్మాట్ చేయాలి, అది కూడా కంప్యూటర్‌లో చేయకుండా కెమెరాలోనే.

ఎడిటింగ్

టైమ్‌లైన్ తెరిచే ముందు ఇంటర్వ్యూను అక్షరాల్లోకి దించి, టైమ్‌కోడ్ (ఏ మాట ఎన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో ఉందో) వేసి, కాగితం మీద ఎడిట్ చేయండి. 35 నిమిషాల మాటలోంచి 90 సెకన్లు ఏరాలి. తెర మీద ఏరితే ఒకటిన్నర రోజు, కాగితం మీద ఏరితే మూడు గంటలు. ఆ కాగితాన్నే క్లయింట్‌కు పంపి ఓకే తీసుకుంటే ‘ఆ మాట ఎందుకు పెట్టారు’ అన్న కరెక్షన్ తర్వాత రాదు.

మొదటి కట్ కలర్ చేయకుండా, తాత్కాలిక మ్యూజిక్‌తో చూపించవచ్చు. అయితే అది రఫ్ కట్ అని తెర మీదే రాసి ఉండాలి. తాత్కాలికంగానైనా సరే లైసెన్స్ లేని ప్రసిద్ధ పాట వాడకండి. క్లయింట్ చెవికి అది అలవాటైపోతుంది, తర్వాత ఏది పెట్టినా నచ్చదు. కరెక్షన్లన్నీ టైమ్‌కోడ్‌తో, ఒకే కాగితంలో, ఓకే చెప్పే ఆ ఒక్కరి నుంచే రావాలి. మేనేజర్ ఫోన్‌లో ఒకటి, యజమాని మెసేజ్‌లో ఇంకొకటి చెబితే రెండూ చేయకండి. ఇద్దరూ మాట్లాడుకుని ఒకే జాబితా పంపమని మర్యాదగా రాయండి.

మిక్స్‌లో మాటల కింద మ్యూజిక్ 15 నుంచి 20 డీబీ తగ్గి ఉండాలి. ఇంటర్నెట్ వెర్షన్‌ను −14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మొత్తం మీద ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గర, ట్రూ పీక్ (శబ్దపు అసలు గరిష్ఠం) −1 దాటకుండా ముగించండి. టీవీ ప్రసారానికైతే లెక్క వేరు, ఈబీయూ ఆర్128 (యూరప్ ప్రసార సంస్థల సౌండ్ ప్రమాణం) పాటించేచోట −23.

4కేలో తీయడం వల్ల అసలు లాభం ఇక్కడ కనిపిస్తుంది. 3840×2160 ఫ్రేమ్‌లోంచి 9:16 నిలువు ముక్క కోస్తే 1215×2160 వస్తుంది. ఫోన్ వీడియోకు కావాల్సిన 1080×1920 కన్నా అది ఎక్కువే. 1080లో తీసినదాన్ని కోస్తే మిగిలేది 607 పిక్సెళ్ల వెడల్పు, మసకగా సాగుతుంది. షూటింగ్‌లోనే ముఖ్యమైన విషయం ఫ్రేమ్ మధ్య మూడోవంతులో ఉండేలా చూసుకుంటే మూడు నిలువు వీడియోలు గంటన్నరలో తయారవుతాయి.

డెలివరీ

హెచ్.264 ఫార్మాట్, 1080, 25 ఫ్రేములు, 12 ఎంబీపీఎస్: మూడు నిమిషాలకు సుమారు 270 ఎంబీ. దాంతోపాటు అక్షరాలు లేని క్లీన్ వెర్షన్, ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు ఇవ్వండి. లూప్ వెర్షన్‌ను యూఎస్‌బీలో వేసి ఇచ్చేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: కొన్ని టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసిన యూఎస్‌బీ చదవలేవు, ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లే టీవీ మీదే ముందురోజు గంటసేపు తిప్పి చూడాలి. కొన్ని టీవీలు లూప్ మధ్య రెండు సెకన్లు నల్లబడతాయి. అప్పుడు 60 సెకన్ల వీడియోనే ముప్పైసార్లు అతికించి అరగంట ఫైలుగా ఇస్తే ఆ నలుపు అరగంటకోసారే కనిపిస్తుంది.

ఈ పని నుంచి తర్వాతి పని

వీడియో ఇచ్చిన మూడు వారాలకు, ఎగ్జిబిషన్ అయ్యాక ఫోన్ చేయండి. ‘ఎలా ఉంది’ అని కాకుండా ‘స్టాల్‌లో జనం ఎక్కడ ఆగి చూశారు, ఏం అడిగారు’ అని అడగండి. ఆ జవాబులోంచే తర్వాతి వీడియో పుడుతుంది. ఫ్యాక్టరీలో పరిచయ వీడియో ఒక్కసారి అవసరం, కానీ కొత్త పనివాళ్లకు సేఫ్టీ శిక్షణ, యంత్రం నడిపే పద్ధతి, తనిఖీ విధానం ఏడాది పొడవునా అవసరం. వాటిలో హంగులుండవు, కరెక్షన్లు తక్కువ, డబ్బు సమయానికి వస్తుంది. మధ్యస్థాయి నగరంలో ఇద్దరి యూనిట్ నెలసరి ఖర్చులు గట్టెక్కేది ఇలాంటి పనులతోనే.

ఇంకో దారి, చాలామంది పట్టించుకోనిది: పెద్ద నగరం నుంచి షూటింగ్‌కు వచ్చే యూనిట్లకు స్థానికంగా సౌండ్ మనిషి, కెమెరా అసిస్టెంట్, లొకేషన్ చూపించే మనిషి కావాలి. నెలకు రెండు రోజులు అలా పనిచేస్తే కాల్ షీట్ (రోజు పని సమయాల పట్టిక) క్రమశిక్షణ, రషెస్‌కు (ఆ రోజు తీసిన ఫుటేజ్‌కు) పేర్లు పెట్టే పద్ధతి ఉచితంగా నేర్చుకోవచ్చు. ఒకే ఒక్క నియమం, వాళ్ల క్లయింట్‌కు మీ కార్డు ఇవ్వకూడదు.

రెండో పనికి అదే క్లయింట్ దగ్గరికి వెళ్లినప్పుడు కొటేషన్ మారుతుంది. రెక్కీ అక్కర్లేదు, లైట్ల లెక్కలు తెలుసు, లోగో, రంగులు, అక్షరాల టెంప్లేట్లు సిద్ధంగా ఉన్నాయి. ఎనిమిది రోజుల పని ఐదున్నర రోజుల్లో అవుతుంది. రోజు రేటు తగ్గించకండి, రోజులే తగ్గించి చూపండి. క్లయింట్‌కు మొత్తం తక్కువగానే కనిపిస్తుంది, మీ విలువ తగ్గదు.

ప్రాజెక్ట్ ఫైలు, ఫాంట్లు, మ్యూజిక్ లైసెన్స్ కాగితం, గ్రాఫిక్స్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో, తేదీ, క్లయింట్ పేరు, వెర్షన్ అంకె వరుసలో భద్రపరచండి. ఆరు నెలల తర్వాత కొత్త ఫోన్ నంబరు మార్చమంటూ ఫోన్ వస్తుంది. ఫోల్డర్ సరిగా ఉంటే అది అరగంట పని. లేకపోతే ఒక రోజు. ఒప్పందంలో రాసిన గడువు లోపల అడిగితే ఉచితంగా చేసివ్వండి. గడువు దాటితే అర రోజు రేటు తీసుకోండి, ఆ సంగతి పని మొదలుపెట్టకముందే చెప్పండి.